యాభై ఎనిమిదో పేజీ

నేను ఒక నవలని. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒక నవలకు అచ్చయిన ఐదువందల ప్రతుల్లో ఒక ప్రతిని. నా పేరు ‘గడప లోపలి ఎండ’. రెండువందల పన్నెండు పేజీలు, పసుపు రంగు అట్ట. పుట్టింది విజయవాడలో ఒక చిన్న అచ్చాఫీసులో. నన్ను రాసినావిడకు పదకొండేళ్లు పట్టింది, అచ్చువేసినవాళ్లకు రెండు రోజులు పట్టింది. అచ్చయిన పెద్ద కాగితాలను ఫారాలుగా మడిచిన అమ్మాయిలు గాని, దారంతో కుట్టినతను గాని, అంచులు కోసినతను గాని నన్ను చదవలేదు. అందుకు నాకేం బాధ లేదు. మంగలి తలను చూస్తాడు గాని తలలో ఏముందో చూడడు గదా.

నన్ను మొదట కొన్నది రిటైరైన ఒక ఇంజనీరుగారు. కొన్నరోజే ఆఖరి పేజీ చదివేసి, లోపలి అట్టమీద తన పేరూ తేదీ వేసి, అద్దాల బీరువాలో నిలబెట్టారు. ఇంటికొచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, “గొప్ప నవలండీ, చదివి తీరాలి” అనేవారు. మనుషులకు చదవని పుస్తకం మీద ఉండే గౌరవం చదివిన పుస్తకం మీద ఉండదని అక్కడే తెలుసుకున్నాను. ఆరేళ్ల తర్వాత ఆయన ఊరు మారుతూ, నన్నూ మరో నలభై పుస్తకాలనూ ఒక అట్టపెట్టెలో వేసి అద్దంకిలోని బాలికల వసతిగృహానికి ఇచ్చేశారు. నా అసలు జీవితం అక్కడే మొదలైంది.

ఆ వసతిగృహం వార్డెను పేరు రమీజా. నలభై మూడేళ్ల మనిషి. దూదేకుల వాళ్లమ్మాయి. సన్నగా, నిటారుగా ఉండేది. మాట తక్కువ, పని ఎక్కువ. బడి మానేసిన పిల్ల ఏ ఊళ్లో ఉందని తెలిసినా ఆ ఊరు వెళ్లి, గుమ్మం ముందు కూర్చుని, తల్లిదండ్రులు ఒప్పుకునేదాకా లేచేది కాదు. ఒక్కసారి కాదు, మూడుసార్లు, నాలుగుసార్లు వెళ్లేది. “మేడానికి ఇదేం పిచ్చి? ఒకసారి చెప్తే చాలదా?” అని వంటమనిషి ఆశ్చర్యపోయేది. ఎందుకో ఆమెకూ తెలియదు, అప్పటికి నాకూ తెలియదు.

పుస్తకాలొచ్చాక రమీజా ఒక ఏర్పాటు చేసింది. ప్రతి బుధవారం సాయంత్రం టిఫిన్లయ్యాక పిల్లలందరూ వరండాలో కూర్చోవాలి. ఎవరు ఏ పుస్తకం మొదలుపెట్టారో, మొదటి పేజీలు చదివితే ఏమనిపించిందో లేచి చెప్పాలి. పుస్తకం పూర్తి కానక్కర్లేదు. “పూర్తయ్యాక అందరూ తెలివైన మాటలే చెప్తారు. మొదట్లో అనిపించిందే నిజం” అనేది. ఒక బుధవారం పిల్లలు ఎదురు తిరిగారు. “మీరూ చెప్పండి మేడం, మాతోనేనా!” అన్నారు. ఆమె నవ్వి, పెట్టెలో చెయ్యి పెట్టి, చేతికి తగిలిన పుస్తకాన్ని తీసింది. ఆ పుస్తకం నేనే.

నాలో ఉన్నది తులసి అనే పిల్ల కథ. పదేళ్లప్పుడు మొదలై ఇరవయ్యొకటో ఏట ముగుస్తుంది. తండ్రి రైసుమిల్లులో పని. తల్లి, నాయనమ్మ, అన్న శేషు. మొదటి మూడు అధ్యాయాల్లో పెద్దగా ఏమీ జరగదు. వాన కురుస్తుంది, నాయనమ్మ అలుగుతుంది, అన్నాచెల్లెళ్లు మంచంకోడు దగ్గర కూర్చుని ఒకే పళ్లెంలో తింటారు. రమీజా ఇవి ఆదివారం పొద్దున ఆఫీసు గదిలో కూర్చుని చదివింది. రెండుచోట్ల గట్టిగా నవ్వింది. పెన్సిలు తీసుకుని అంచున ‘అచ్చం మా ఇల్లే’ అని రాసింది. ఎవరైనా నామీద రాయడం అదే మొదటిసారి. గిలిగింతలు పెట్టినట్టయింది.

నాలుగో అధ్యాయంలో కథ మలుపు తిరుగుతుంది. శేషును బడివాళ్లు నాగార్జునసాగర్ తీసుకుపోతామంటారు. తులసికీ వెళ్లాలని ఉంటుంది. నాయనమ్మను చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ఒక్కరే వెళ్లండి, పెద్దవాడు గనక వాడే వెళ్తాడు అంటుంది తల్లి. బయల్దేరే రోజు తెల్లవారాక తులసి ఎవరూ చూడకుండా దూడ పలుపు విప్పేస్తుంది. శేషు దూడ వెంట పొలాలకు అడ్డంపడి పరుగెడతాడు. వాడు తిరిగొచ్చేసరికి వాడి సీటులో తులసి కూర్చుని ఉంటుంది, బస్సు కదులుతుంది. యాభై ఎనిమిదో పేజీలో ఆ అధ్యాయం ఆఖరి వాక్యం ఇది: ‘తులసికి గాలి బాగా తగిలింది, దారి పొడుగునా ఆమె పాటలు పాడింది.’

ఆ వాక్యం దగ్గర రమీజా ఆగిపోయింది. వేలు అక్షరాలమీదే ఉండిపోయింది. కాసేపటికి పెన్సిలు తీసుకుని, కాగితం చినుగుతుందేమో అన్నంత గట్టిగా, ‘ఈ పిల్లను క్షమించకూడదు’ అని రాసింది. రాసి నన్ను మూసేసింది. మళ్లీ తెరిచి రబ్బరుతో తుడిచింది. మాటలు పోయాయి గాని గాట్లు పోలేదు.

బుధవారం వచ్చింది. వరండాలో అరవైమంది పిల్లలు. రమీజా నన్ను ఒళ్లో పెట్టుకుని తులసి కథ చెప్పింది, దూడ సంగతి దాకా చెప్పింది. తన అభిప్రాయం మాత్రం చెప్పలేదు. పిల్లలు ఊరుకోలేదు. తులసి మోసగత్తె అని ఒకరు, పాపం దానికీ ఆశుండదా అని ఒకరు పోట్లాడుకున్నారు. చివరికి తొమ్మిదో తరగతి కోటేశ్వరి లేచింది.

“ఇంతకీ మీకేమనిపించింది మేడం? ఆ పిల్ల మంచిదా, చెడ్డదా?”

“నేనింకా యాభై ఎనిమిదో పేజీ దగ్గరే ఉన్నానమ్మా” అంది రమీజా.

“దాందేముంది మేడం! తిరిగొచ్చినాక వాళ్లన్నకి చెప్పేస్తే అయిపోద్ది గదా. కొడితే కొడతాడు.”

పిల్లలందరూ నవ్వారు. రమీజా నవ్వలేదు. “అవును. చెప్పేస్తే అయిపోయేది” అంది, మెల్లగా.

శనివారం మధ్యాహ్నం ఆమె నన్ను చేతిసంచిలో పెట్టుకుని ఇంకొల్లు బస్సెక్కింది. ఇంకొల్లులో ఆమె అక్క హుసేనమ్మ ఉంటుంది. ఆమె రమీజా కంటే రెండేళ్లు పెద్ద. భర్త పోయి ఏడేళ్లయింది. ఇంటి ముందు రేకుల పంచలో పరుపులు కుట్టి బతుకుతోంది. మేం వెళ్లేసరికి ఆమె కొత్త పరుపుమీద మోకాళ్లమీద కూర్చుని, దబ్బనంతో అంచు కుడుతోంది. తలలో, కనుబొమల్లో దూది. దబ్బనం ఎడంచేతిలో ఉంది.

“ఏందే, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావ్? ఒంట్లో బాగుందా?” అంది.

“బాగానే ఉంది. ఊరికే వచ్చాను” అంది రమీజా. కాసేపు వాళ్ల మాటా వీళ్ల మాటా మాట్లాడారు. తర్వాత రమీజా నన్ను బయటికి తీసి, “అక్కా, ఈ పుస్తకం కాస్త చదివిపెట్టవే. నాలుగు అధ్యాయాలే” అంది.

అప్పుడర్థమైంది నాకు, ఆమె ఎందుకొచ్చిందో. తన నోటితో చెప్పలేనిది నా నోటితో చెప్పించాలనుకుంది. మనుషులు ఈ పని తరచూ చేస్తారు. ఎవరో రాసిన వాక్యం కింద గీత గీసి ఇస్తారు, తమ వంతు అయిపోయిందనుకుంటారు.

హుసేనమ్మ చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని నన్ను అందుకుంది. తొమ్మిదో తరగతి మధ్యలో మానేసిన మనిషి. తడబడుతూ చదువుతుందనుకున్నాను. ఆమె నన్ను చదివిన వేగానికి నాకే ఊపిరాడలేదు. రమీజా మూడు గంటలు చదివింది ఆమె గంటంబావులో చదివేసింది. చెల్లెలు గమనించని చోట్ల ఆగింది, ఒక పేజీ వెనక్కి తిప్పి ఏదో సరిచూసుకుంది కూడా. యాభై ఎనిమిదో పేజీ చివర పకపకా నవ్వింది.

“గట్టిపిండమేనే ఈ తులసి! దూడని భలే ఇప్పింది.”

“నీకు కోపం రాలేదా?”

“కోపమెందుకు? పదేళ్ల పిల్ల. ఎంత ఆశ పడకపోతే అంత పని చేసుద్ది? మొదటి పేజీలోనే చెప్పిందిగా, ఈ పిల్ల ఊరు దాటి యాడికీ పోలేదని. నువ్వు చదవలా?”

రమీజా చదివింది. కాని ఆ మాట గుర్తుపెట్టుకోలేదు. అక్క కోప్పడి ఉంటే ఆమెకు తేలికయ్యేదేమో. ఆ నవ్వు చూశాక ఇక దాచుకోలేకపోయింది.

“అక్కా, నేనూ అట్టాంటి పని చేశాను. నీకే చేశాను” అంది.

ఆ తర్వాత ఆమె నేలచూపులు చూస్తూ చెప్పిందంతా నేను ఆ పరుపుమీద పడి విన్నాను. ముప్పై ఒక్క ఏళ్ల కిందటి సంగతి. అమ్మ పోయింది. ఇల్లు చూసుకోవడానికీ, దూది ఏకడంలో తనకు సాయం ఉండటానికీ నాయన పెద్దపిల్లను బడి మాన్పించాడు. రమీజా ఏడో తరగతి. ఒక శుక్రవారం సాయంత్రం అక్కా నాయనా పరుపులివ్వడానికి పక్క ఊరు వెళ్లినప్పుడు, అక్కకు పాఠాలు చెప్పిన రత్నావళి టీచరమ్మ ఇంటికొచ్చింది. ఇంట్లో రమీజా ఒక్కతే ఉంది. ‘ఒంగోలు హాస్టల్లో మీ అక్కకి సీటు మాట్లాడానమ్మా. ఖర్చేం ఉండదు. సోమవారం మీ నాన్నను బడికొచ్చి సంతకం పెట్టమని చెప్పు. మర్చిపోకు’ అని చెప్పి వెళ్లింది.

“నేను మర్చిపోలా. అక్క పోతే ఏకే పని నామీద పడుద్ది, నన్ను మానిపిస్తారు అనుకున్నా. శనివారం చెబుదామనుకున్నా. ఆదివారం చెబుదామనుకున్నా. సోమవారం పొద్దున నువ్వే నాకు జడేశావు. అప్పుడూ చెప్పలా.”

హుసేనమ్మ దబ్బనం తీసుకుని గుడ్డలో గుచ్చింది గాని బయటికి లాగలేదు.

“టీచరమ్మ మనింటికొచ్చిందా?” అంది చివరికి.

“వచ్చింది.”

“మనింటికే?”

“మనింటికే అక్కా.”

“ఏమన్నది? ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క ముక్క వదలబాక.”

“మీ అక్కలాంటి బుర్ర నా క్లాసులో ఇంకోటి లేదు అంది. దీన్ని ఇంట్లో కూర్చోబెడితే పాపం అంది.”

“ఇంకోసారి చెప్పు.”

రమీజా మళ్లీ చెప్పింది. హుసేనమ్మ కళ్లు మూసుకుని వింది. ఆ మాట ముప్పై ఒక్క ఏళ్లు ఆలస్యంగా ఆమెకు చేరింది. ఆమె ముఖంలో ఒక్క క్షణం పద్నాలుగేళ్ల పిల్ల కనిపించింది. కళ్లు తెరిచేసరికి ఆ పిల్ల లేదు.

“నిన్ను నేను ఏమీ అనలేనే. అంటే నువ్వు ఏడుస్తావు, నేను ఊరుకోబెట్టాల” అంది. “ఆ టీచరమ్మను నేను ఎంత తిట్టుకున్నానో నీకు తెలుసా? బడి మానేసిన రోజున, నేనొచ్చి మీ నాన్నతో మాట్లాడతాలే అని నాకు మాటిచ్చింది. రాలేదు, నన్ను మర్చిపోయింది అనుకున్నా. చీరాల్లో ఒక పెళ్లిలో ఎదురుపడి హుసేనమ్మా అని పిలిస్తే మొహం తిప్పుకుని పోయినా. అంత మంది ముందర.”

రమీజా ఏదో అనబోయింది. అక్క చెయ్యి ఎత్తింది.

“పో ఇంక. నీ పుస్తకం తీసుకుని పో. ఆ తల్లి ఉందో లేదో, ఉంటే యాడుందో కనుక్కో. కనుక్కున్నాకే రా.”

ఆ వారమంతా రమీజా నన్ను తెరవలేదు. పిల్లల్ని బడికి పంపడం, వాళ్లు వెళ్లగానే ఫోనుమీద కూర్చోవడం. పాత బడి, పాత పరిచయాలు, పెన్షనర్ల సంఘం. ఆకలి లేదంటూ అన్నం వదిలేసింది. కోటేశ్వరి ఆఫీసు గది ముందు ఆగి, “మేడం, యాభై తొమ్మిదో పేజీకి వచ్చారా?” అని అడిగితే, “వెళ్లాలమ్మా” అని మాత్రం అంది. నిజానికి తప్పు చేసినవాళ్లకు చెప్పేశాక తేలికవుతుందని నాలాంటి పుస్తకాలు చాలా రాశాయి. నా ఎదుటి మనిషిని చూస్తే ఆ మాట అంత తేలిగ్గా రాయకూడదనిపించింది. చెప్పకముందు బరువు ఆమె ఒక్కదానిదే. చెప్పాక అక్కకూ వచ్చింది.

రత్నావళి టీచరమ్మ చీరాలలోనే ఉందని శుక్రవారం తెలిసింది. ఆదివారం పొద్దున అక్కాచెల్లెళ్లిద్దరూ బయల్దేరారు. బస్సులో ఒకే సీటులో కూర్చున్నారు గాని మధ్యలో నన్ను పెట్టిన సంచీ ఉంది. ఇంకొల్లు నుంచి చీరాల దాకా వాళ్లు మాట్లాడుకున్నవి రెండే మాటలు. “నీళ్లున్నాయా?” అని అక్క, “ఉన్నాయి” అని చెల్లెలు.

టీచరమ్మ ఇల్లు మగ్గాల సందులో ఉంది. మనవరాలు తలుపు తీసింది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, వాలుకుర్చీలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. చూపు తగ్గింది గాని గొంతు తగ్గలేదు.

“ఎవరమ్మా?”

“నేను టీచర్, హుసేనమ్మని. దూదేకుల దస్తగిరి కూతుర్ని.”

టీచరమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. “రెండో బెంచీ” అంది. “ఎడంచేత్తో రాసేదానివి. రాయొద్దని అందరూ కొడుతుంటే నేను రాయనిచ్చాను. రా, ఇట్టా రా.”

హుసేనమ్మ ఆమె పక్కన నేలమీద కూర్చుంది. “ఆ పెళ్లిలో మొహం తిప్పుకుపోయాను టీచర్. మీరు రాలేదనుకున్నాను. వచ్చారని మొన్ననే తెలిసింది” అంది. మిగిలినది రమీజా నిలబడే చెప్పింది, బడిలో తప్పు ఒప్పుకునే పిల్లలా, ఏదీ తగ్గించకుండా.

టీచరమ్మ అంతా విని చిక్కుళ్ల పళ్లెం పక్కన పెట్టింది. లోపల ఎక్కడో మగ్గం ఆడుతోంది.

“సోమవారం బడి వదిలేదాకా ఆ హాస్టలు ఫారం చేతిలో పట్టుకుని కూర్చున్నా” అంది. “మీ నాన్న రాకపోతే మంగళవారం నేను మళ్లీ రావాల్సింది. రాలేదు. ఆయనకి ఇష్టం లేదు కాబోలు అనుకున్నా. అట్టా అనుకుంటే నాకు సులువు గదా, ఆ ఎండలో నడిచే పని తప్పుద్ది. ఆ నెలలోనే బదిలీ అయింది. నీకు అప్పుడు పన్నెండేళ్లు రమీజా. నాకు నలభై ఏడు. ఇందులో ఎవరి వాటా ఎంతని నువ్వు ఒక్కదానివే తేల్చబాక.”

“కాదు టీచర్, నేను…”

“నీది నీదే. తీసెయ్యమనటంలా. నాదాన్ని మాత్రం నాకు ఉండనీ.”

రమీజా అప్పుడు ఏడ్చింది. ఎవరూ ఊరుకోబెట్టలేదు. ఏడుపు ఆగాక మనవరాలు టీ తెచ్చింది. టీ తాగుతుండగా టీచరమ్మకు పాత అలవాటు గుర్తొచ్చింది కాబోలు, సంచీలోంచి తొంగిచూస్తున్న నన్ను వేలితో తట్టింది.

“ఏం చదువుతున్నావ్ హుసేనమ్మా?”

“ఇదే టీచర్. యాభై ఎనిమిది పేజీలైంది.”

“ఎట్టా ఉంది?”

నన్ను చాలామంది పొగిడారు, ఎక్కువగా చదవనివాళ్లు. అచ్చయిన మొదట్లో పత్రికల్లో రెండు సమీక్షలు కూడా వచ్చాయట. కాని ఇలా ఎవరూ చెప్పలేదు. హుసేనమ్మ గ్లాసు కింద పెట్టి, బడిలో లేచి నిలబడ్డట్టే లేచి నిలబడి చెప్పింది.

“ఇంట్లోవాళ్ల కథ టీచర్. వాళ్లు మంచోళ్లని చెప్పదు, చెడ్డోళ్లనీ చెప్పదు. ఒక పిల్ల తన అన్నకి అన్యాయం చేసుద్ది. చేసి బస్సులో పాటలు పాడుద్ది. రాసినావిడ ఆ పాటలు దాచకుండా రాసింది. అది దాచి ఉంటే నేను ముందుకి చదివేదాన్ని కాదు.” చెల్లెలి వైపు తిరిగింది. “నువ్వు పాడావా?”

రమీజాకు ప్రశ్న అర్థమైంది. అబద్ధం చెప్పడానికి అవకాశం ఉంది. కన్నీళ్లింకా ఆరలేదు, ఎవరైనా నమ్మేవారు.

“పాడాను” అంది. “ఆ ఏడాది క్లాసులో మొదటొచ్చాను. చాలా సంతోషంగా ఉన్నాను అక్కా. నువ్వు దూది ఏకుతుంటే పక్కన కూర్చుని చదువుకునేదాన్ని. అప్పుడూ సంతోషంగానే ఉన్నాను.”

హుసేనమ్మ తల ఊపింది. “అట్టా చెప్పు. మొన్న ఆ ముక్క మింగేశావు” అంది. ఆమె గొంతులో క్షమించిన మెత్తదనం లేదు. కాని వారం రోజుల తర్వాత మొదటిసారి ఆమె చెల్లెలి ముఖంలోకి చూసి మాట్లాడింది.

సాయంత్రం చీరాల బస్టాండులో ఇద్దరూ సిమెంటు అరుగుమీద కూర్చున్నారు. అద్దంకి బస్సు ఇంకా రాలేదు. రమీజా ఏం చెయ్యాలో తోచక నన్ను తీసి, యాభై తొమ్మిదో పేజీ తిప్పబోయింది. హుసేనమ్మ చెయ్యి చాచి నన్ను లాక్కుంది.

“బుధవారం పిల్లలకి చెప్పాలక్కా. వాళ్లు అడుగుతున్నారు” అంది రమీజా.

“అడగనీ. అక్క దగ్గరుందని చెప్పు” అంది హుసేనమ్మ. కళ్లజోడు పెట్టుకుని, ఎడంచేత్తో పేజీ తిప్పింది. “ముందు నేను చదువుతా. నా తర్వాతే నువ్వు.”

బస్సు వచ్చింది. రమీజా లేచి సంచీ భుజాన వేసుకుంది. హుసేనమ్మ తలెత్తలేదు. ఐదో అధ్యాయం మొదటి పేరాలో ఉంది ఆమె. చదువు మీదున్న మనిషిని కదిలించకూడదని చెల్లెలికి తెలుసు. ఇంకో బస్సు ఉందిలే అనుకుని, మళ్లీ ఆమె పక్కనే కూర్చుంది.